మేస్త్రీ మూల

మనుషుల్ని లెక్కపెట్టడం గీతలమ్మకు కొత్త పని. గోడలు, కిటికీలు, మెట్లు, ఏవి లెక్కపెట్టమన్నా పెడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆర్కిటెక్టు ఆఫీసులో కూర్చుని ఇళ్ళ నక్షాలు గీస్తున్న మనిషికి కదలని వాటితో పేచీ ఉండదు. మనుషులు అలా కాదు. మూడో అంతస్తులో ముగ్గురు కూర్చున్నారని పుస్తకంలో రాసి తలెత్తేసరికి నలుగురయ్యారు. ఆ నాలుగో ఆవిడ ఒళ్ళో ఎవరిదో స్కూలు యూనిఫారం పెట్టుకుని, దారం పంటితో తెంపి, "ఏం రాస్తున్నావమ్మా? కరెంటు మీటరా?" అంది.

"కాదండీ. ఎవరెవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాసుకు రమ్మన్నారు."

"ఇంకేం, కూర్చున్నందుకు కూడా బిల్లు వేస్తారన్నమాట!"

అందరూ నవ్వారు. గీతలమ్మ నవ్వలేదు. నవ్వకూడదని కాదు. కొంతకాలంగా ఏ మాటా ఆమె దాకా పూర్తిగా రావడం లేదు. దారిలోనే ఎక్కడో చల్లారిపోతోంది. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో భద్రంగా ఉంది. సైటులో కూలీలు పెట్టిన ఈ గీతలమ్మ పేరే అందరి నోటా నిలిచిపోయింది. ఆమె కూడా పిలిస్తే పలుకుతుంది, అంతే.

ఎనిమిదంతస్తుల ఆ భవనానికి ప్రతి గీతా ఆమె గీసిందే. జనం కాపురం వచ్చి రెండేళ్ళయింది. పక్కనే మరో మూడు భవనాలు కట్టబోతున్నారు. కట్టబోయే ముందు, కట్టినదాంట్లో జనం ఎలా బతుకుతున్నారో నాలుగు సాయంత్రాలు చూసి రమ్మని పెద్దసారు పంపించాడు. పెద్దసారంటే ఆఫీసు యజమాని, ఈ భవనం ఆలోచన ఆయనది. కరెంటు తక్కువ, గాలి ఎక్కువ, అందరూ కలిసిమెలిసి ఉండాలి, ఇదీ ఆయన పట్టుదల. అందుకు బోలు ఇటుకల గోడలు పెట్టించాడు. మేడమీది వాన నీళ్ళు నేల కింద తొట్టెలోకి దిగేలా చేయించాడు. కింద అందరూ కలుసుకోవడానికని గుండ్రటి బల్లలతో పెద్ద హాలు, పైన అందరూ కలిసి కూరగాయలు పెంచుకోవడానికని మట్టిపెట్టెలు.

గీతలమ్మ ముందుగా హాలు దగ్గరికే వెళ్ళింది. తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే బల్లల మీద ప్లాస్టిక్ కవర్లు, వాటి మీద దుమ్ము. తాళంచెవి సంఘం అధ్యక్షుడి దగ్గర ఉంటుందట. ఏడాదికి రెండు మీటింగులకి తీస్తాడట. మేడమీది మట్టిపెట్టెల్లో పగిలిన బకెట్లు ఉన్నాయి. పుస్తకంలో రెండు చోట్లా సున్నా వేసింది.

జనం ఉన్నదల్లా ఈ మూలలో. కింది నాలుగు అంతస్తుల్లోనూ లిఫ్టు పక్కన గోడ నాలుగడుగులు లోపలికి పోయి ఉంటుంది. ఆరడుగుల వెడల్పు. అడుగున్నర ఎత్తున సిమెంటు దిమ్మ. వెనక జాలీ గోడలోంచి గాలి వస్తుంది. ఆ దిమ్మ మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు, పేపరు చదువుతున్నారు, పక్కింటివాళ్ళ కోడలి మీద తీర్పులు చెబుతున్నారు. పై నాలుగు అంతస్తుల్లో ఈ మూల లేదు. అక్కడ నున్నటి గోడ, ఆరు మూసిన తలుపులు. గంటసేపు నిలబడితే ఒకాయన చెత్తబుట్ట బయట పెట్టి, ఈమెను చూసి, గబుక్కున తలుపు వేసుకున్నాడు.

"దీన్ని మేస్త్రీ మూల అంటాం," అంది యూనిఫారం కుడుతున్న ఆవిడ. ఆమె ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. అందరూ టైలరక్క అంటారు. "కథ తెలుసా నీకు? కట్టిన మేస్త్రీకి నక్షా చదవడం రాదట. పైపులు దింపడానికని దిమ్మ కట్టి వదిలిన గూడు ఇది. పైపులు ఇంకోవైపు మార్చారట, వీడేమో గూడు మూయడం మర్చిపోయాడట. నాలుగు అంతస్తులు లేచాక గానీ చూసుకోలేదు. తిట్టి వెళ్ళగొట్టేశారట పాపం. మా ఇంట్లో అరలు బిగించిన వడ్రంగి చెప్పాడు."

"ఆ మహానుభావుడికి చదువు వచ్చుంటే మన గతి ఏమయ్యేదో," అన్నాడు చేతికర్ర పట్టుకున్న ముసలాయన. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు.

"మాస్టారిది ఆరో అంతస్తు," అంది టైలరక్క. "స్నానాలగదిలో జారిపడితే మర్నాడు సాయంత్రం దాకా ఎవరికీ తెలీలేదు. అక్కడ ఎవరి తలుపు వాళ్ళదే. ఇప్పుడు రోజూ లిఫ్టులో ఇక్కడికి దిగుతారు. పదింటికల్లా రాకపోతే నేనే పైకెళ్ళి తలుపు బాదేస్తాను. రాసుకో, రాసుకో. ఆరో అంతస్తు మనిషి, మూడో అంతస్తులో కూర్చున్నాడు."

గీతలమ్మ రాసుకుంది. చేతిరాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. మేస్త్రీ మూల అని రాయబోయి, ఆ చోట 'లిఫ్టు పక్క ఖాళీ' అని రాసింది.

*

మర్నాడు పెద్దసారు ఆ లెక్క చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. హాలు సున్నా, మేడ సున్నా, మూలలో మాత్రం ఒక్క సాయంత్రంలో నలభై ఒక్క మంది. వేరే వాళ్ళయితే ఆ రెండు సున్నాలు చూసి తలపట్టుకునేవాళ్ళు. పెద్దసారికి ఓటమిలోంచి కూడా తనకు కావలసిన ముక్క ఏరుకోవడం వచ్చు.

"చూశావా? నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే. మనం కట్టేది ఇళ్ళు కాదు, ఇరుగుపొరుగు." ఈ వాక్యం ఆయన ఎన్ని మీటింగుల్లో అన్నాడంటే, ఆఫీసులో టీ ఇచ్చే ఆమెకు కూడా కంఠతా వచ్చు. "జనాన్ని హాలుకి రమ్మంటే రారు. ఇంటి గుమ్మం దగ్గరే, దారిలోనే చోటివ్వాలి. కొత్త మూడు భవనాల్లోనూ అన్ని అంతస్తుల్లో ఇది పెట్టేద్దాం. పేరు..." పెన్సిలు గడ్డానికి ఆనించుకుని ఆలోచించాడు. "పలకరింపు కోణం. ఎలా ఉంది?"

"సార్, అది మనం అనుకుని పెట్టింది కాదు."

"తెలుసులే. ఆ మేస్త్రీ పొరపాటు. అయితే ఏం? పొరపాటులోంచి మంచి ఏరడమే మన పని."

"మేస్త్రీది కాదు సార్. నాది."

ఎలా అనేసిందో ఆమెకే తెలియలేదు. మూడేళ్ళుగా గొంతులో పచ్చి వెలక్కాయలా ఉన్న మాట, అంత తేలిగ్గా, టీ చల్లారింది అన్నట్టు బయటికి వచ్చేసింది. పెద్దసారి పెన్సిలు ఒక్క క్షణం ఆగింది.

"ఎవరిదైతే ఏముందమ్మా? ఇప్పుడది పొరపాటే కాదు కదా."

"ఆయన్ని పంపించేశాం సార్."

"మూడేళ్ళ కిందటి మాట. ఈపాటికి ఎక్కడో కుదురుకునే ఉంటాడు. గురువారం కొత్త సైటులో ముగ్గు పోస్తున్నారు, ఈ మూల షీట్లన్నీ ఆ లోపల కావాలి." ముగ్గు పోయడమంటే పునాది గీతలు నేలమీద సున్నంతో గీయడం. అవి పడ్డాక మార్చడం కష్టం. పెద్దసారు ఫోను అందుకున్నాడు. సంగతి అయిపోయినట్టే.

గీతలమ్మ తన బల్ల దగ్గరికి వచ్చి సాయంత్రం దాకా గీసింది. నాలుగడుగుల లోతు, ఆరడుగుల వెడల్పు, అడుగున్నర దిమ్మ. కొలతలు చూసుకోనక్కర్లేదు, కళ్ళు మూసుకున్నా చెప్పగలదు. అందరూ వెళ్ళాక బీరువా కింది అర లాగింది. పాత కాగితాల అడుగున చుట్టచుట్టి ఉన్న షీటు తీసి బల్లమీద పరిచింది.

అది మూడేళ్ళ కిందట సైటులో ఉన్న గోడల షీటు. మడతల దగ్గర చిరిగి, సున్నం మరకలతో, ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి గుర్తుతో ఉంది. పైపులు వెనక గోడకి మారినప్పుడు ఆమె అన్ని షీట్లూ దిద్దింది, ఈ ఒక్కటీ తప్ప. దీంట్లో పైపుల గూడు అలాగే ఉండిపోయింది. మేస్త్రీ చూసుకుని ఫోన్ చేశాడు. "అమ్మా, పైపుల షీట్లో పైపులు వెనక్కి పోయాయి, గోడల షీట్లో గూడు అలాగే ఉంది. కట్టమంటారా, మూసేయమంటారా?" అప్పుడామె ఏదో అర్జెంటు ప్రింటు తీస్తోంది. కాగితం మిషన్లో ఇరుక్కుంది. "షీట్లో ఉన్నట్టే కట్టండి," అని పెట్టేసింది.

నాలుగు అంతస్తులు లేచాక పెద్దసారు చూశాడు. మధ్యాహ్నం సైటులో అందరినీ నిలబెట్టి అడుగుతానన్నాడు. ఆ లోపల, భోజనాల వేళ, ఆఫీసులో ఎవరూ లేని అరగంటలో గీతలమ్మ షీటు దిద్దింది. పాత తేదీ అలాగే ఉంచి ప్రింటు తీసింది. సైటుకి వెళ్ళి కొత్తది ఫైల్లో పెట్టింది, పాతది సంచీలో వేసుకుంది. ఇంటికి వచ్చి విప్పి చూస్తే, గూడు పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు కనిపించాయి. మేస్త్రీ రాత. 'ఫోన్ చేశాను. ఉన్నట్టే కట్టమన్నారు.' కింద తేదీ.

ఆ షీటు ఆమె చించలేకపోయింది, ఎవరికీ చూపించనూ లేకపోయింది. బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు నుంచే తనకేదీ సరిగా అంటడం లేదని ఆమెకు ఇప్పుడు, ఆ టీ గుర్తు చూస్తుంటే తోచింది.

ఇంట్లో భర్తతో చెప్పింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. చేతులకు గ్రీజు వదలగొట్టుకుంటూ అంతా విన్నాడు. "మానిన పుండు ఇప్పుడు కెలకడం దేనికి?" అన్నాడు.

"మానిందని ఎవరన్నారు?"

"నీ ఉద్యోగం పోతే?"

ఆ ప్రశ్నకు భయపడాలి. భయం రాలేదు. రేపు వానొస్తే అన్నట్టు విని ఊరుకుంది. ఆయన సబ్బు మళ్ళీ రుద్దుకున్నాడు.

*

మేస్త్రీ నంబరు ఆమె ఫోన్లో ఇంకా ఉంది. రెండో రింగుకే ఎత్తాడు. "చెప్పండమ్మా," అన్నాడు, నిన్ననే మాట్లాడినట్టు. ఆయన ఫోన్లో ఆమె నంబరు కూడా ఉందన్నమాట.

ఆయన చెప్పిన చోటికి ఆమె వెళ్ళేసరికి, ఎవరిదో పాత ఇంట్లో స్నానాలగదికి టైల్స్ వేస్తున్నాడు. ఒకప్పుడు ఇరవై రెండు మందిని నడిపిన మనిషి. ఇప్పుడు సిమెంటు తానే కలుపుకుంటున్నాడు, తానే మోసుకుంటున్నాడు, తానే వేస్తున్నాడు. గీతలమ్మను చూసి లేవలేదు. "ఒక్క నిమిషం. సిమెంటు గట్టిపడిపోతుంది," అన్నాడు.

ఆమె గుమ్మంలో నిలబడింది. కూర్చోమనడానికి అక్కడ కుర్చీ లేదు. ఆయన సిమెంటు పరిచి, టైలు ఆనించి, తాపీ పిడితో నాలుగు మూలలా తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఒక మూల డొల్లగా మోగింది. టైలు ఊడదీసి, కింద సిమెంటు మళ్ళీ సర్ది, మళ్ళీ పెట్టి తట్టాడు. ఈసారి చప్పుడు గట్టిగా వచ్చింది. అలా మూడు టైల్స్ అయ్యాక చొక్కాకి చేతులు తుడుచుకుని, "ఊఁ," అన్నాడు.

గీతలమ్మ షీటు విప్పి పట్టుకుంది. ఆయన ముట్టుకోలేదు. కూర్చున్న చోటునుంచే మెడ వంచి తన అక్షరాలు చదువుకున్నాడు.

"ఇది మీ దగ్గరే ఉందన్నమాట. చించేశారనుకున్నాను."

"చించలేకపోయాను. మీరు అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగేసి, ఆ ప్రశ్న అడిగే హక్కు తనకు లేదని అడిగాక గ్రహించింది.

"ఏమని చెప్పను? రాసుకున్నాను కదా, ఫైల్లో ఉంటుందిలే అన్న ధైర్యంతోనే నిలబడ్డాను. ఫైలు తెరిచారు. కాగితం మల్లెపువ్వులా ఉంది. ఆర్నెల్లు సైటులో నలిగిన కాగితం అంత తెల్లగా ఉంటుందా అమ్మా? ఒక్క సున్నం మరకైనా ఉండదా? చూసేవాడికి తెలిసిపోతుంది. ఎవరూ చూడలేదు." తాపీ అంచున ఎండిన సిమెంటు గోటితో గీకాడు. "ఫోను సంగతి చెబుదామనే అనుకున్నాను. మీరు కాదంటారు. మీరు కాదంటుంటే వినాలనిపించలేదు."

కాదనేదాన్ని కాదు అనబోయింది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. మింగేసింది.

"నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

"నాకు చెప్తే ఏమొస్తుంది? నాకు తెలిసిందే కదా." గొంతులో కోపం లేదు, కొలత చెబుతున్నట్టే ఉంది. "ఆ రోజు అక్కడ ఇరవై రెండు మంది ఉన్నారు. వాళ్ళకి తెలీదు. మా తమ్ముడు కూడా వాళ్ళలోనే ఉన్నాడు. నేనే పని నేర్పాను వాడికి. ఇప్పుడు వాడే అక్కడ మేస్త్రీ. పండక్కో పబ్బానికో కలిస్తే బాగానే ఉంటాడు. పోయిన నెల ఇంటికి ప్రహరీ కట్టుకుంటూ సాయం రమ్మన్నాడు. నేను కట్టిన వరస, నా ముందే, టేపు పెట్టి మళ్ళీ కొలిచాడు."

బకెట్లో నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి.

"రేపు పొద్దున కొత్త సైటులో ముగ్గు పోస్తున్నారు. అందరూ ఉంటారు. మీరు వస్తారా?"

"పిలవని చోటికి నేనెందుకొస్తాను?"

"ఆ భవనం... మీరెప్పుడైనా వెళ్ళి చూశారా?"

"ఆ రోడ్డునే పోను."

"ఆ గూట్లో జనం కూర్చుంటున్నారు. దాన్ని మేస్త్రీ మూల అంటున్నారు."

ఆయన ఇంకో టైలు చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు. "అలాగా," అని, సిమెంటు పరవడం మొదలుపెట్టాడు.

*

గురువారం పొద్దున కొత్త సైటులో నేల చదును చేసి మేకులు దిగ్గొట్టి ఉంచారు. మేకుకీ మేకుకీ మధ్య దారాలు. తమ్ముడు మేస్త్రీ ఒక చివర టేపు పట్టుకుని కొలతలు కేక వేస్తుంటే, సున్నం డబ్బా పట్టుకున్నామె దారం వెంట తెల్లగా గీత పోసుకుంటూ వస్తోంది. పెద్దసారు, సైటు ఇంజనీరు ఒక చెట్టునీడన నిలబడ్డారు. గీతలమ్మ షీట్ల కట్ట పట్టుకుని వాళ్ళ వెనక నిలబడింది.

లిఫ్టు దగ్గరి గీత వచ్చేసరికి పెద్దసారు అందరినీ దగ్గరికి పిలిచాడు. ముప్ఫైమందికి పైగా చేరారు. పాత ముఖాలు సగం ఉన్నాయి. "ఇక్కడ గోడ నాలుగడుగులు లోపలికి పోతుంది. జాగ్రత్త. ఈసారి కావాలనే పెడుతున్నాం," అన్నాడు.

"భయం లేదు సార్," అన్నాడు సైటు ఇంజనీరు, "చదువురాని మేస్త్రీ ఇప్పుడు మన దగ్గర లేడు కదా!"

నవ్వారు. కడుపుబ్బ నవ్వేంత మాట కాదు, పెద్దవాళ్ళు జోకు వేశారు కాబట్టి నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. నవ్వి, తలొంచుకుని టేపు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఆయనకి చదువొచ్చు," అంది గీతలమ్మ.

కొత్త షీట్ల కట్టలోంచి పాతదాన్ని లాగింది. గొంతు ఎప్పటిదే, కొలతలు చదివే గొంతు. "ఇది అప్పుడు సైటులో ఉన్న షీటు. గూడు ఇందులో ఉంది. తీసేయడం నేను మర్చిపోయాను. ఆయన చూసుకుని నాకు ఫోన్ చేశాడు. ఇదిగో, ఇక్కడ రాసుకున్నాడు. 'ఫోన్ చేశాను. ఉన్నట్టే కట్టమన్నారు.' అలా కట్టమన్నది నేను. తర్వాత షీటు దిద్ది, పాత తేదీ వేసి ఫైల్లో పెట్టిందీ నేనే. ఆయన తప్పేమీ లేదు."

దూరంగా ఇటుకల లారీ వెనక్కి వస్తూ కీచుమంటోంది. సైటు ఇంజనీరు ఫోను బయటికి తీసి దాంట్లో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. సున్నం డబ్బా పట్టుకున్నామె, "మరి అంతమందిలో ఆయన్ని అన్ని మాటలన్నారే," అంది, ఎవరినీ చూడకుండా.

"సరే అమ్మా. ఇది సమయం కాదు," అన్నాడు పెద్దసారు పైకి. తర్వాత దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి, "రేపటినుంచి నువ్వు సైటుకి రానక్కర్లేదు. ఆఫీసు సంగతి సోమవారం మాట్లాడదాం," అన్నాడు.

రేపటినుంచి రానక్కర్లేదు. మేస్త్రీకి చెప్పిన మాట కూడా అక్షరం పొల్లు పోకుండా ఇదే. కాకపోతే అప్పుడు గట్టిగా అన్నాడు.

తమ్ముడు వచ్చి షీటు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ఎండ వైపు తిప్పి చాలాసేపు చూశాడు. "మా అన్న రాతే," అన్నాడు. షీటు జాగ్రత్తగా చుట్టి చొక్కాలో దోపుకున్నాడు. మళ్ళీ మేకు దగ్గరికి వెళ్ళి టేపు లాగాడు గానీ, ఎక్కడిదాకా కొలిచాడో మర్చిపోయినట్టున్నాడు. మొదటి మేకు దగ్గరికి పోయి మళ్ళీ మొదలుపెట్టాడు.

గీతలమ్మ నడుచుకుంటూ బయటికి వచ్చింది. బరువు దిగుతుందనుకుంది, ఏమీ దిగలేదు. ఏడుపు కూడా రాలేదు. చెప్పులకు సున్నం అంటుకుని ఉంది, గేటు దగ్గర రాయికేసి రాసింది. సగం పోయింది.

*

నాలుగు సాయంత్రాల లెక్క ఇంకా పూర్తి కాలేదు. లెక్కకు వెళ్ళొద్దని ఎవరూ అనలేదు, వెళ్ళమని కూడా ఎవరూ అనరు. ఇంటికి పోయి భర్తకు ఏం చెప్పాలో తోచక, సంచీలో పుస్తకం ఉంది కాబట్టి, పాత భవనానికి వెళ్ళింది. హాలు తాళం అలాగే ఉంది. సున్నా వేసింది. మొదటి అంతస్తులో ఐదుగురు, రెండో అంతస్తులో ఇద్దరు, ఒక పిల్లి. పిల్లిని రాయాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి వదిలేసింది.

మూడో అంతస్తుకు మెట్లెక్కుతుంటే టైలరక్క గొంతు వినిపించింది. ఎవరికో కథ చెబుతోంది. "...నాలుగు అంతస్తులు లేచాక చూసుకున్నారట!"

చివరి మెట్టు మీద గీతలమ్మ ఆగిపోయింది. దిమ్మ మీద ఒక చివర టైలరక్క, పక్కన మాస్టారు, ఇటు చివర మేస్త్రీ. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పక్కన గుడ్డసంచీ పెట్టుకున్నాడు, దాంట్లోంచి గోడల మట్టం చూసే రసమట్టం చివర బయటికి వచ్చి ఉంది. టైలరక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, అరచేత్తో దిమ్మ అంచు మెల్లగా రాస్తున్నాడు. ఆ అంచు కట్టినప్పుడు పదునుగా ఉండేది. రెండేళ్ళు జనం కూర్చుని కూర్చుని నున్నగా అరిగింది. తమ్ముడు ఫోన్ చేసి ఉంటాడు. ఏం మాట్లాడుకున్నారో, ఎంతసేపు మాట్లాడుకున్నారో వాళ్ళకే తెలియాలి.

"పాపం, నక్షా చదవడం రాదట," అంది టైలరక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "కానీ ఎంత పుణ్యం కట్టుకున్నాడో చూడండి."

మేస్త్రీ చెయ్యి అంచు మీద ఆగింది.

"చదవడం వచ్చమ్మా అతనికి," అన్నాడు. "షీట్లో ఉన్నట్టే కట్టాడు."

"మీకెలా తెలుసు?" అన్నాడు మాస్టారు. లెక్కల మనిషి, రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోడు.

మేస్త్రీ తలెత్తి మెట్ల వైపు చూశాడు. ఆ రోజు సైటులో ఫైలు తెరిచినప్పుడు కూడా ఇలాగే, ఒక్కసారి చూశాడు. అప్పుడు గీతలమ్మ తల తిప్పేసుకుంది.

"నేనే చెప్పాను, ఉన్నట్టే కట్టమని," అంది. "ఈయనకే చెప్పాను."

ఈసారి అది కొలతలు చదివే గొంతు కాదు. మూడేళ్ళలో ఇదే మొదటిసారి. టైలరక్క సూది గాల్లో ఆగిపోయింది. మాస్టారు ఆయన్నీ ఈమెనీ మార్చి మార్చి చూశాడు. ఎవరేమంటారోనని గీతలమ్మ చేతిలో పుస్తకం గట్టిగా పట్టుకుని నిలబడింది.

మేస్త్రీ ఆమె వైపు మళ్ళీ చూడలేదు. పక్కనున్న గుడ్డసంచీ ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. దిమ్మ మీద ఒక మనిషి కూర్చునేంత చోటు వచ్చింది.